‘గ్రంథాలయం’ అని టేకు పలక మీద చెక్కించాలి, ఏ ఫాంటు మేలు?

ప్రశ్న: మా ఊళ్లో కొత్తగా తెరుస్తున్న గ్రంథాలయానికి సీఎన్‌సీ మిషన్ (కంప్యూటర్ నడిపే చెక్కుడు యంత్రం) మీద పేరు చెక్కిస్తున్నాం. అడుగున్నర పొడవు టేకు పలక, రెండంగుళాల ఎత్తు అక్షరాలు. రామభద్ర ఫాంటు నిండుగా ఉంటుందని కొందరు, పోతన అందమని కొందరు అంటున్నారు. మీరేమంటారు?

జవాబు: ముందు ఆ మాటలో ‘థా’ చూడండి. ధ పొట్టలో చుక్క పెడితే థ. ఆ చుక్క పోయిందా, పలక మీద మిగిలేది ‘గ్రంధాలయం’. పుస్తకాల ఇంటి గుమ్మం మీద అక్షరదోషం ఉండకూడదు. అందుకే ఈ పలకకు ఫాంటును నిర్ణయించాల్సింది ఆ చుక్కే.

రామభద్ర పత్రికల శీర్షికలకు సరిపడే లావు ఫాంటు. గీత లావెక్కిన కొద్దీ థ పొట్ట ఇరుకవుతుంది. అక్షరాన్ని లోపలికి చెక్కితే చుక్క చుట్టూ సన్నటి చెక్క గోడ మాత్రమే మిగులుతుంది. నారకు అడ్డంగా ఉన్న చోట అది పెచ్చులుగా లేచిపోతుంది. అక్షరాన్ని ఉబ్బెత్తుగా ఉంచి చుట్టూ తవ్వితే ఇబ్బంది మరోలా వస్తుంది. 3 మిల్లీమీటర్ల బిట్టు (చెక్కను తొలిచే మొన) 2 మిల్లీమీటర్ల సందులో దూరలేదు కాబట్టి చుక్క పొట్టకు అతుక్కుపోతుంది.

పోతన నాకు చాలా ఇష్టమైన ఫాంటు, కాగితం మీద. అందులో గీత లావు నుంచి సన్నానికి మారుతూ పోతుంది. వి-బిట్టు, అంటే కొస V ఆకారంలో ఉండే మొన, ఎంత లోతుకు దిగాలో గీత వెడల్పే చెబుతుంది. 90 డిగ్రీల బిట్టుతో 6 మిల్లీమీటర్ల గీత 3 మిల్లీమీటర్ల లోతు తెగుతుంది, 1 మిల్లీమీటరు గీత అర మిల్లీమీటరే. రంగు నింపి గరుకు కాగితంతో రుద్దగానే ముందు మాసిపోయేవి ఆ సన్నని కొసలే. 60 డిగ్రీల బిట్టు వాడితే 1 మిల్లీమీటరు గీత కూడా దాదాపు 0.87 మిల్లీమీటర్లు దిగుతుంది. పోతనే కావాలనుకుంటే అది అడగండి.

నన్నడిగితే గీత మందం పెద్దగా మారని వేమన గానీ మండలి గానీ తీసుకోండి. కాస్త నిండుదనం కావాలంటే అనెక్ తెలుగు ఉంది. అందులో లావునూ వెడల్పునూ విడివిడిగా మార్చుకోవచ్చు. లావు మధ్యస్థంగా ఉంచి వెడల్పు పెంచితే పొట్ట విచ్చుకుంటుంది, చుక్కకు చోటు దొరుకుతుంది.

మరో సభ్యులు: ఇంత శ్రమ ఎందుకు? ‘పుస్తకాలయం’ అని రాయిస్తే సరి. పైగా ‘గ్రంధాలయం’ అన్న రాత ఎన్ని చోట్ల కనబడడం లేదు!

జవాబు: కనబడుతుంది, నిజమే. పలకడంలో థ, ధ కలిసిపోవడం వల్ల రాతలోకీ వచ్చింది. అయినా మూలం ‘గ్రంథ’ శబ్దమే, నిఘంటువులో ‘గ్రంథము’ అనే ఉంటుంది. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నాటిది, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 నాటిది. అలాంటి సంస్థలను నిలబెట్టిన ఉద్యమాన్ని మనం ‘గ్రంథాలయోద్యమం’ అంటున్నాం. బిట్టు దూరలేదని ఆ మాటను వదులుకోవడం నాకు ఇష్టం లేదు. బిట్టు మార్చవచ్చు, ఫాంటు మార్చవచ్చు.

ప్రశ్న వేసినవారు: సరే, మండలి అనుకుందాం. కార్ఖానాలో కంప్యూటర్ తెరపై ‘గ్ర’ విడిపోయి గ, పొల్లు, ర అని వేరువేరుగా వచ్చింది. ఏం చేయాలి?

జవాబు: ఆ సాఫ్ట్‌వేరుకు యూనికోడ్ వత్తులు కూర్చడం రాదు. మీరే ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేరులో టైపు చేసి, అక్షరాలను గీతలుగా మార్చి, ఎస్‌వీజీ ఫైలు (గీతల రూపంలో బొమ్మను దాచే ఫైలు) ఇవ్వండి. గ కింద క్రారవడి (ర వత్తు గుర్తు) గానీ మరే గుర్తు గానీ పక్క గీత మీదికి ఎక్కి ఉంటే రెండింటినీ కలిపి ఒకే ఆకారం చేయండి. లేకపోతే ఆ కూడలిలో మిషన్ వాటిని వేరువేరు ఆకారాలుగా చూసి అడ్డదిడ్డంగా తవ్వుతుంది. క్రారవడి గీత కిందికి దిగుతుంది కాబట్టి పలక అడుగున అంగుళమైనా ఖాళీ వదలండి. టేకు పలక మిషన్ ఎక్కించే ముందు ‘థా’ ఒక్కటే, అదే కొలతలో, పనికిరాని టేకు ముక్క మీద చెక్కించి, రంగు వేసి, నాలుగు గజాల దూరం నుంచి చూడండి. దాని ఫొటో ఇక్కడ పెడితే చుక్క కనబడుతోందో లేదో అందరం చూసి చెబుతాం.