గుహల్లో తాడెక్కేవారికి చెస్ట్ హార్నెస్: మెత్తనిది మేలా, సన్నపట్టీ చాలునా?

కొలాబ్ గట్టు (జయపురం):
సభ్యులందరికీ నమస్కారం. మేము కొందరు మిత్రులం రానున్న శీతకాలంలో మేఘాలయ గుహలకు వెళ్లే ప్రయత్నంలో ఉన్నాము. మన దగ్గర గుప్తేశ్వరం గుహ ఉంది, కిరండూల్ రైలెక్కితే బొర్రా ఉంది. అయితే ఈ రెండు చోట్లా యాత్రికుల దారిలో నడిచి చూసి రావడమే గాని తాడుతో పని పడదు. అందుచేత మా సాధన అంతా తోటలోని చింతచెట్టు కొమ్మకే సాగుతోంది. మేము నేర్చుకుంటున్నది కప్పలా కూర్చుని లేస్తూ తాడెక్కే ఫ్రాగ్ పద్ధతి: నడుముకూ తొడలకూ కట్టుకునే సిట్ హార్నెస్, దాని ముందున్న డి-మైలాన్ అనే డి ఆకారపు లోహపు లింకు‌కు క్రోల్, చేతిలో పాదానికి లూపు వేలాడే జుమార్. క్రోల్, జుమార్ రెండూ తాడు మీద పైకి జరుగుతూ కిందికి జారకుండా పట్టుకునే బిగింపులు. ఇక మిగిలింది ఛాతీకీ భుజాలకూ వేసుకునే చెస్ట్ హార్నెస్. మెత్తలున్న వెడల్పాటిది కొనమని ఒకరు, ఇరవై అయిదు మిల్లీమీటర్ల నైలాన్ పట్టీని ఎనిమిది అంకె ఆకారంలో భుజాలకు వేసుకుంటే చాలునని మరొకరు అంటున్నారు. తొడిగి చూసి కొనే దుకాణం మా ఊళ్లో లేదు కనుక, తెప్పించుకునే ముందే తేల్చుకోవాలి. గంటసేపు వేసుకున్నా భుజాలు నొప్పెట్టనిది ఏది?

తాడుపని (దమన్‌జోడి):
నేను ఫ్యాక్టరీల్లో ఎత్తు పనులు చేసేవాడిని, తాడు మీద పూటలకు పూటలు గడిపినవాడిని. సన్నపట్టీ భుజాన్ని కోస్తుంది, ఇందులో చర్చకు తావు లేదు. వెడల్పాటి మెత్త ఉంటే బరువు పరచుకుంటుంది. అదీగాక, ఎక్కడో గుహలో ఊపిరి బిగపట్టుకుని వేలాడేవాడు ప్రమాణపత్రం లేని పట్టీ మీద ఎందుకు ఆధారపడాలి? పర్వతారోహణ హార్నెస్‌లకు ఈఎన్ 12277 అనే యూరోపియన్ ప్రమాణం ఉంది. అందులో డి రకం అంటే చెస్ట్ హార్నెస్ అని అర్థం. ఆ గుర్తు చూసి కొనండి. డబ్బు గురించి ఆలోచించే చోటు ఇది కాదు.

నాగావళి (రాయగడ):
తాడుపని గారి అనుభవం మీద నాకు గౌరవం ఉంది, కానీ ఆయన మాట మొత్తం ఒక ఊహ మీద నిలబడి ఉంది: చెస్ట్ హార్నెస్ మనిషి బరువు మోస్తుందని. ఫ్రాగ్ పద్ధతిలో అది బరువు మోయదు, మోయకూడదు. బరువంతా సిట్ హార్నెస్‌దే. క్రోల్ కింది రంధ్రం డి-మైలాన్‌కు తగిలి ఉంటుంది. పై రంధ్రానికి తగిలే చెస్ట్ హార్నెస్ చేసే పని ఒక్కటే, మనం పాదాల మీద నిలబడినప్పుడల్లా క్రోల్‌ను మనతో పాటు పైకి లాగి, తాడు దానిలోంచి నిటారుగా జారేటట్లు చూడటం. క్రోల్ తయారుచేసే పెట్జ్ల్ కంపెనీ కూడా తన టోర్స్ అనే భుజపట్టీని క్రోల్‌ను దాని స్థానంలో నిలిపేదిగానే అమ్ముతుంది తప్ప, పడిపోతే ఆపేదిగా కాదు. ఒంటి చెస్ట్ హార్నెస్ మీద వేలాడటమే ప్రమాదం: చంకల దగ్గర నరాలు నొక్కుకుని చేతులు తిమ్మిరెక్కుతాయి, ఊపిరి ఆడదు.

అందుచేత సుఖం అనేది మెత్తలో కాదు, బిగువులో ఉంది. ఇది వినడానికి తిరకాసుగా ఉంటుంది గాని లెక్క చూడండి. ఒక్కో ఊపుకు, అంటే ఒకసారి కూర్చుని లేచినప్పుడు, నలభై సెంటీమీటర్లు ఎక్కేవారు ముప్ఫై మీటర్ల తాడును డెబ్బై అయిదు ఊపుల్లో ఎక్కుతారు. పట్టీ వదులై ప్రతి ఊపుకూ అయిదు సెంటీమీటర్లు క్రోల్ వెనకబడిందంటే, ఊపులు ఎనభై ఆరు అవుతాయి. పైగా ప్రతిసారీ ఒళ్లు వెనక్కి వాలుతుంది, దాన్ని చేతులతో ముందుకు లాక్కోవాలి. మర్నాడు భుజాలు నొప్పిగా ఉంటే ఆ నింద పట్టీ మీద పడుతుంది, కానీ నిజానికి ఆ నొప్పి చేతులతో లాక్కోవడం వల్ల వచ్చింది.

ఎంత బిగువు? నేల మీద నిటారుగా నిలబడితే కొంచెం వంగినట్లు, చిరాకుగా అనిపించేటంత. నడిచేటప్పుడు వదులు చేసుకుని, తాడు దగ్గరికి రాగానే ఒక్క లాగుతో బిగించుకోవాలి. కాబట్టి కొనేటప్పుడు చూడవలసిన మొదటి గుణం బకిల్: చేతి తొడుగులతోనే, మట్టి పట్టి ఉన్నప్పుడే, ఒక చేత్తో బిగించి ఒక చేత్తో వదలగలగాలి. బకిల్ ఎముక మీద గాని చంక కింద గాని పడకూడదు. పాక్కుంటూ పోయే సందులో అది రాయికి తగులుతుంది.

దుకాణం లేకపోయినా తొడిగి చూసే మార్గం మీ చింతచెట్టే. నేల మీద నిలబడి వేసుకుని చూసుకుంటే అన్ని హార్నెస్‌లూ హాయిగానే ఉంటాయి. అడుగు ఎత్తున వేలాడండి, తల వెనక్కి వాల్చి కూర్చోండి, పదిసార్లు నిలబడి కూర్చోండి. కూర్చున్నప్పుడు పట్టీ భుజాన్ని కిందికి లాగుతుంటే అది అతిగా బిగిసిందని అర్థం. మొదటి కొద్ది మీటర్లలో మాత్రం తాడు క్రోల్‌లోంచి సరిగ్గా జారదు; దానికి పట్టీ కారణం కాదు. కింద తాడు బరువు చాలక అలా అవుతుంది. రెండు బూట్ల మధ్య తాడును నొక్కిపట్టి నిలబడితే సరిపోతుంది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
ఇంతవరకు మాట్లాడిన వారంతా మగవారే కాబోలు. ఎనిమిది అంకె పట్టీని ఛాతీకి అడ్డంగా బిగిస్తే ఆడవారికి అది హింసే, నాగావళి గారు చెప్పిన బిగువు తోడైతే మరీను. పట్టీలు వీపు మీద కత్తెరలా దాటి, ముందు రొమ్ములకు కింద ఒకచోట కలిసేలా ఉన్న రకం తీసుకుంటే ఒత్తిడి భుజాలకూ పక్కలకూ పోతుంది. ఎత్తు తక్కువ ఉన్నవారికి ఇంకో చిక్కు ఉంది. నడుము నుంచి గొంతు వరకు ఉన్న దూరమే తక్కువ కనుక, డి-మైలాన్ మీద క్రోల్, దాని మీద కారబైనర్ (స్ప్రింగు తలుపున్న లోహపు కొక్కెం), దాని మీద పట్టీ పేర్చుకుంటే అన్నీ గడ్డం కిందికి వచ్చేస్తాయి. అటువంటివారు చెస్ట్ హార్నెస్ మార్చే ముందు, డి-మైలాన్ కిందుగా వచ్చే సిట్ హార్నెస్ చూసుకోవాలి, కారబైనర్ బదులు చిన్న మైలాన్ వాడాలి. మా బృందంలో ఒక అమ్మాయికి రెండు హార్నెస్‌లు మార్చినా పోని గొంతు ఒత్తిడి, ఈ మార్పుతో పోయింది.

తాడుపని (దమన్‌జోడి):
నాగావళి గారూ, బరువు మోయదన్న మాట అన్నిచోట్లా నిజం కాదు. అమెరికాలో గుహల వారు ఛాతీ మీద తాడు దూరే రోలర్ పెట్టుకుని, రెండు పాదాలకూ ఆరోహణ పరికరాలు కట్టుకుని మెట్లెక్కినట్లు నడిచి ఎక్కుతారు. అక్కడి జార్జియా రాష్ట్రంలోని ఎలిసన్స్ గుహలో ఫెంటాస్టిక్ పిట్ అనే 179 మీటర్ల నిట్టనిలువు బావి ఉంది; అటువంటి చోట వారు వెడల్పాటి, గట్టి చెస్ట్ హార్నెస్‌నే వాడతారు. వీడియోల్లో అందరూ చూస్తున్నది అదే కదా?

నాగావళి (రాయగడ):
అదే ఈ తగవుకు మూలం అండీ. ఆ పద్ధతిలో రోలర్ మనిషిని తాడుకు అంటిపెట్టుకుని నిలువుగా ఉంచాలి, కనుక ఛాతీ మీద నిజంగానే లాగుడు ఉంటుంది, అక్కడ వెడల్పు అవసరం. కొలాబ్ గట్టు గారు వాడేది ఫ్రాగ్. ఒక పద్ధతికి చెప్పిన సలహాను రెండోదానికి తగిలించడం వల్లే మెత్తల మీద ఇంత మోజు. మెత్తలో నీరు, మట్టి నిలుస్తాయి. మన వానాకాలంలో అది ఆరదు, బరువెక్కుతుంది, వాసన కొడుతుంది.

అయితే ఒక విషయంలో మీ వైపు నిజం ఉంది. గుహ లోపలి వేడి ఆ ప్రాంతపు ఏడాది సగటు ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది. ఆల్ప్స్ గుహల్లో చలికి మందపాటి సూట్ వేసుకుంటారు కనుక సన్నపట్టీ వారి మెడకు తగలనే తగలదు. మన తూర్పు కనుమల గుహల్లో పల్చని చొక్కాతో దిగితే ఆ పట్టీ చర్మాన్నే రాస్తుంది. దానికి నాకు తెలిసిన విరుగుడు కాలర్ ఉన్న మందపాటి చొక్కా, లేదా భుజం దగ్గర మాత్రం నలభై మిల్లీమీటర్లకు వెడల్పయ్యే పట్టీ.

కొలాబ్ గట్టు (జయపురం):
చాలా వరకు తేలింది. మా ఇంటి పక్కన సంచులు కుట్టే ఆయన ఉన్నారు. నవారుతోనో, సీట్ బెల్టు పట్టీతోనో కుట్టించుకోవచ్చునా?

నాగావళి (రాయగడ):
నూలు నవారు వద్దు. తడిస్తే ముడి పడ్డ చోట విప్పరాకుండా బిగుస్తుంది. సీట్ బెల్టు పట్టీ బకిల్‌లో జారుతుంది. పర్వతారోహణకు అమ్మే గొట్టంపట్టీ (గొట్టంలా నేసిన పట్టీ) తీసుకుని, రెండు కొసలనూ కలిపే వాటర్ నాట్ అనే ముడి‌తో లూపు చేసుకోండి. కొసలు ఎనిమిది సెంటీమీటర్లకు తగ్గకూడదు. ఆ ముడి మెల్లగా జరుగుతుంది కనుక తాడు అందుకునే ముందు ప్రతిసారీ చూసుకోవాలి, ముడి మెడ ఎముక మీద పడకుండా భుజం ముందుకు జరుపుకోవాలి. అది ఊడినా సిట్ హార్నెస్ మిమ్మల్ని పట్టుకునే ఉంటుంది, కానీ ఒక్కసారిగా వెనక్కి వాలిపోతారు.

తాడుపని (దమన్‌జోడి):
వాలిపోయినప్పుడు తల రాయికి తగిలితే? ముడి వేసిన పట్టీని నా బృందంలో నేను ఒప్పుకోను. సన్నదే కొనండి, కానీ కంపెనీ కుట్టు ఉన్నదే కొనండి. ఫ్యాక్టరీల్లో ఇచ్చే, వీపున రింగు ఉన్న ఫుల్ బాడీ బెల్టును మాత్రం దీనికి వాడకండి; దానిలో క్రోల్ నిలబెట్టే చోటే లేదు.

కొలాబ్ గట్టు (జయపురం):
కంపెనీ కుట్టుదే, భుజం దగ్గర వెడల్పయ్యే రకం, వీపున కత్తెర దాటేది ఒకటి, మామూలుది ఒకటి తెప్పిస్తున్నాము. రాగానే కొమ్మకు వేలాడి, రెండింటిలో తాడు ఎలా జారుతోందో ఇక్కడే రాస్తాను.