సెయింట్ హెలీనాలో ఎబొనీ బతికింది, ఆలివ్ ఎందుకు పోయింది?

రేగుకంప (ప్రశ్న)
దక్షిణ అట్లాంటిక్‌లోని సెయింట్ హెలీనా దీవి చెట్ల మీద సెమినార్ తయారు చేసుకుంటున్నాను. ఒకచోట ఆగిపోయాను. సెయింట్ హెలీనా ఆలివ్, అంటే నెసియోటా ఎలిప్టికా, అంతరించిందనుకున్నాక 1977లో ఒకే ఒక్క చెట్టు దొరికింది. ఎబొనీ, అంటే ట్రోకెటియాప్సిస్ ఎబెనస్, 1980లో కొండచరియ మీద రెండు పొదలు దొరికాయి. రెండింటినీ కనిపెట్టింది ఆ దీవి మనిషి జార్జ్ బెంజమినే. ఎబొనీ ఇప్పుడు వేలల్లో ఉంది. ఆలివ్ మాత్రం అడవిలోని చెట్టు 1994లో, పెంపకంలో మిగిలిన ఆఖరి మొక్క 2003లో చచ్చిపోయాయి. ఒక్క చెట్టుకీ రెండు పొదలకీ ఇంత తేడా ఎలా వచ్చింది? అలాంటి చెట్టు చేతిలో ఉంటే ఏ పని ముందు చేయాలి?

అంటుమొక్క
తేడా జత ఉండటంలోనూ, కొమ్మ ముక్క వేరు పట్టడంలోనూ ఉంది. ఆలివ్ తన పుప్పొడిని తానే ఒప్పుకోని చెట్టు. జత లేనప్పుడు పూత విరగబూసినా గింజ కట్టదు. ఎప్పుడో ఒకటీ అరా కట్టినా అది తన పుప్పొడి తనకే అందడం (స్వపరాగం) వల్ల పుట్టిందే కాబట్టి మొక్క నీరసంగా ఉంటుంది. కొమ్మ ముక్కలు వేళ్లు వేయడమూ చాలా అరుదు. రెండు దారులూ మూసుకుపోయిన దశలో బూజు తెగుళ్లు పట్టుకున్నాయి. ఎబొనీకి కొమ్మ దారి తెరిచే ఉంది. తాడు సాయంతో చరియ దిగి తెచ్చిన ముక్కలు వేళ్లు పట్టాయి.

పేర్లు చూసి పొరబడకండి. ఆ ఆలివ్ మన రేగు కుటుంబానిది. ఆ ఎబొనీ మందార కుటుంబానిది, మన తుమికితో చుట్టరికం లేదు.

కడియం నారు
ముందు చేయాల్సింది కొమ్మలు తీయడమే, అదీ చెట్టు ఇంకా బలంగా ఉన్నప్పుడే. ఎండిపోతున్న చెట్టు కొమ్మలో నిల్వ ఆహారం ఉండదు, వేరు రాకముందే ముక్క కుళ్లుతుంది. ఆఖరి చెట్ల విషయంలో ఎక్కువగా జరిగే పొరపాటు ఈ ఆలస్యమే.

పొద్దున్నే, పూత లేని సగం ముదిరిన కొమ్మ నుంచి 10–15 సెం.మీ. ముక్కలు తీయండి. ఒక్కోదానికి రెండు మూడు కణుపులు ఉండాలి. కత్తెరను ప్రతి కోతకూ 70 శాతం స్పిరిట్‌తో తుడవండి. తడి కాగితంలో చుట్టి, సంచిలో పెట్టి, నీడలో తీసుకురండి. అడుగు కోత కణుపుకి కాస్త కింద పడాలి. కింది ఆకులు తీసేసి పై ఆకులు సగానికి కత్తిరించండి. వేళ్లు పుట్టించే హార్మోను ఐబిఎ పొడి ఏ మోతాదు పనిచేస్తుందో తెలియనప్పుడు 1000, 3000 పీపీఎం, అసలు లేకుండా, ఇలా మూడు వాటాలు చేయండి. ఉన్న ముక్కలన్నీ ఒకే పద్ధతికి అప్పగించవద్దు. ఇసుక, కొబ్బరి పొట్టు సమపాళ్లలో కలిపి ఆవిరి పట్టి వాడండి. పైన తేమ నిండుగా ఉండాలి, అడుగున నీరు నిలవకూడదు. నారుకుళ్లు మొదలయ్యేది అక్కడే. వేరు పట్టినవాటిని కనీసం రెండు వేర్వేరు నర్సరీల్లో ఉంచండి, ఒకచోట తెగులు వస్తే రెండోచోట మిగులుతాయి.

పుప్పొడి
కొమ్మ ముక్కతో వచ్చేది తల్లికి నకలే. కాబట్టి ఎబొనీ వేలల్లో ఉన్నా మూలం ఆ రెండు పొదలే. లెక్క మొక్కలది కాదు, మూల వృక్షాలది. అందుకే ప్రతి మొక్కకూ ఏ పొద సంతానమో చెరగని రేకు మీద రాసి కట్టాలి. గింజ కోసం ఒక పొద పుప్పొడిని రెండో పొద పువ్వుకే పెట్టాలి. రేపు విచ్చుకోబోయే మొగ్గలో కేసరాలు తీసేసి, పలచటి గుడ్డ సంచి కట్టి, కీలాగ్రం, అంటే పుప్పొడిని అందుకునే పువ్వు కొస, జిగురుగా మెరిసినప్పుడు మెత్తని కుంచెతో అద్దండి. వెంటనే మళ్లీ సంచి కట్టండి, కాయ నిలిచేదాకా. ఒక్కో పొదకి వేరే కుంచె వాడండి.

సంచి ఎందుకంటే, దగ్గర బంధువైన రెడ్‌వుడ్, ట్రోకెటియాప్సిస్ ఎరిత్రాక్సిలాన్, ఎబొనీతో ఇట్టే కలుస్తుంది. ఆ సంకరానికి బెంజమిన్ పేరు మీదే బెంజమినియై అని పేరు పెట్టారు. రెడ్‌వుడ్ అడవిలో లేదు, పెంపకంలో ఉన్నవన్నీ ఒకే చెట్టు సంతతి కాబట్టి బలహీనంగా ఉంటాయి. సంకరం మాత్రం ఏపుగా పెరుగుతుంది. నర్సరీలో ఏపైన మొక్కనే ఎంచుకునే అలవాటు ఉంటే అసలు జాతులు రెండూ మెల్లగా చేజారతాయి. రెండింటినీ దూరంగా నాటాలి.

రేగుకంప
చాలా ఉపయోగపడింది. మరి నాటాక దేనివల్ల పోతాయి?

అంటుమొక్క
ఆ దీవికి మేకలు 1513లోనే చేరాయి. అవి ముదురు చెట్టును చంపలేదు, మొలకను మిగల్చలేదు. అడవి వయసు మళ్లి పోయింది. ఎబొనీనైతే సున్నపు బట్టీల్లో కూడా కాల్చారు. ఇప్పుడు అక్కడ కుందేళ్లు, బయటి నుంచి వచ్చి కలుపులా పెరిగే న్యూజిలాండ్ ఫ్లాక్స్ మొక్క, కికూయు గడ్డి సమస్య. నాటే ముందు చుట్టూ ఒక మీటరు మేర గడ్డి వేళ్లతో సహా తీయండి, మొక్కకో వల గొట్టం పెట్టండి.

పురుగులను కూడా కనిపెట్టుకోవాలి. 1991లో జకరండా పురుగు ఆర్థీజియా ఆ దీవి సొంత చెట్లయిన గమ్‌వుడ్‌లను చంపడం మొదలుపెడితే, 1993లో దాన్ని తినే హైపరాస్పిస్ పాంథెరినా అనే అక్షింతల పురుగును వదిలారు. రెండేళ్లలో ఆర్థీజియా అదుపులోకి వచ్చింది. కొత్త మొక్కను దీవిలోకి తెచ్చే ప్రతి కుండీనీ, మట్టినీ దిగినచోటే ఆపి చూడాల్సింది అందుకే.