వేడినీళ్ళలో ఐసు వేస్తే −10 డిగ్రీలా?

పదోక్లాసు_తిప్పలు: 0 డిగ్రీల ఐసు 50 గ్రాములు, 60 డిగ్రీల నీళ్ళు 50 గ్రాములు కలిపితే తుది ఉష్ణోగ్రత ఎంత? గిన్నె వేడి వదిలేయమన్నారు. గ్రహించిన ఉష్ణం = కోల్పోయిన ఉష్ణం అని, 50×80 + 50×టి = 50×(60−టి) రాశాను (80 అంటే గ్రాము ఐసు కరగడానికి కావలసిన కెలోరీలు, టి అంటే తుది ఉష్ణోగ్రత). టి = −10 వచ్చింది. మళ్ళీ చేసినా అదే. తప్పెక్కడ?

ఒక్కమాట: సగటు 30 కదా?

పాత_మాస్టారు: ముందు యూనిట్లు సరిచెయ్యి బాబూ. ఇంకా కెలోరీలేమిటి? జౌళ్ళు, కిలోగ్రాములు, కెల్విన్లు. సెల్సియస్‌ని కెల్విన్ చెయ్యడానికి 273 కలపకుండా ఉష్ణం లెక్క మొదలుపెట్టకూడదు.

నీటిబొట్టు: మాస్టారూ, ఇక్కడ 273తో పనేముందండీ? సూత్రంలో ఉన్నది ఉష్ణోగ్రతలో తేడా. 20 నుంచి 60కి 40 డిగ్రీలు, 293 నుంచి 333కీ 40 కెల్విన్లే. మీరిలా చెప్పబట్టే పిల్లలు ఆ 40కి కూడా 273 కలిపి 313 వేస్తారు. వేడి దాదాపు ఎనిమిది రెట్లవుతుంది.

పాత_మాస్టారు: తేడాకి కలపమని నేనెప్పుడన్నాను? విడివిడిగా కలిపి తీసివేయాలి. ఈ అలవాటు లేకపోతే రేపు వాయువుల లెక్కల్లో బోర్లా పడతారు.

నీటిబొట్టు: వాయువులొచ్చినప్పుడు చూసుకుందాం. సెల్సియస్‌లో తేడా రాశానని ఒక పరీక్షలో నాకు మార్కులు కోశారు. జవాబు సరైనదే! అడిగితే "కెల్విన్ ఏదీ?" అన్నారు. ఆ మాట వింటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

గోడమీద_పిల్లి: ఐసు సంగతి ఎవరైనా చూస్తారా?

రాగిచెంబు: నేను చూస్తా. కెల్విన్లలోకి మార్చినా 263 వస్తుంది, తప్పు తప్పే. తమ్ముడూ, నువ్వు ఐసంతా కరిగిపోయిందని ముందే అనుకుని సమీకరణం రాశావు. నీళ్ళు 60 నుంచి 0కి దిగితే ఇచ్చేది 50×1×60 = 3000 కెలోరీలు. ఐసంతా కరగడానికి 50×80 = 4000 కావాలి. చాలదు. 3000ని 80తో భాగిస్తే 37.5 గ్రాములు కరుగుతాయి, 12.5 గ్రాముల ఐసు మిగులుతుంది. ఉష్ణోగ్రత 0.

పాత_మాస్టారు: −10 రావడమే హెచ్చరిక కదా! సమీకరణం వేశాడు కాబట్టే తప్పు బయటపడింది. ముందు లెక్క రావాలి, అర్థం మెల్లగా దానంతటదే వస్తుంది.

నీటిబొట్టు: ఇదీ అసలు సంగతి! ఇంతసేపూ 273 చాటున దాక్కున్నారు గానీ, "ఎందుకు" అని అడిగే పిల్లలంటే మీకు చిరాకు.

పాత_మాస్టారు: మాటలు జాగ్రత్త. మీరు ఒక్కరికి చెప్తారు, నేను క్లాసంతటికీ చెప్పాలి. సూత్రం రాస్తే వెనకబడ్డవాడికి కూడా నాలుగు మార్కులొస్తాయి. మీ "ఎందుకు"కి మార్కులెవరిస్తారు?

రాగిచెంబు: మార్కుల మాట నిజమే, కాదనను. కానీ 100 డిగ్రీల రాగి 100 గ్రాములు, 20 డిగ్రీల నీళ్ళు 100 గ్రాములు కలపండి. సూత్రం ఒక్కటే తెలిసినవాడు ఎక్కడో తప్పు చేసి 60 తెచ్చినా కిమ్మనకుండా రాసేస్తాడు. నిజానికి 27 లోపే ఆగుతుంది. రాగి విశిష్టోష్ణం, అంటే ఒక గ్రాము ఒక డిగ్రీ వేడెక్కడానికి కావలసిన కెలోరీలు, 0.093, నీటిది 1. రాగి 11 డిగ్రీలు చల్లారితే గానీ అంతే బరువున్న నీళ్ళు ఒక్క డిగ్రీ వేడెక్కవు. ఇది తెలిసినవాడికి 60 చూడగానే అనుమానం వస్తుంది.

ఒక్కమాట: గిన్నె వేడి ఎందుకు వదిలేశారు?

గోడమీద_పిల్లి: దానికి వేరే చర్చ తెరవండి బాబోయ్.

పదోక్లాసు_తిప్పలు: మరి నీళ్ళు 80 డిగ్రీలవైతే?

రాగిచెంబు: 50×80 = 4000, సరిగ్గా సరిపోతుంది. ఐసంతా కరిగి 0 దగ్గర 100 గ్రాముల నీళ్ళు. నీ సమీకరణంలో 60 బదులు 80 పెట్టినా అదే వస్తుంది.

పాత_మాస్టారు: చూశారా, సమీకరణం పనిచేసింది. జవాబు మాత్రం 273 అని రాయి.