శిశుర్వేత్తి... ఫణీ అనాలా, ఫణిః అనాలా?

గోదారిగట్టు: ‘శిశుర్వేత్తి పశుర్వేత్తి వేత్తి గానరసం...’, అంటే పాట రుచి పసిబిడ్డకీ పశువుకీ పాముకీ తెలుసనే శ్లోకపాదం చివర ఫణిః అనాలా, ఫణీ అనాలా? మా నాన్నగారు విసర్గతోనే చదివేవారు. పసికందుల మెదడు మాటకెలా స్పందిస్తుందో చదువుతుంటే ఈ పాదం నోట్లోకొచ్చి వదలడంలేదు.

పాతప్రతి: ఫణీ. ఇన్నంతం (‘ఇన్’తో ముగిసే ‘ఫణిన్’ శబ్దం) కదండీ, కరీ, శశీ లాగే. విసర్గకు చోటే లేదు.

సీమపలుకు: ఛందస్సు మాత్రం తేల్చదు మాస్టారూ. పాదాంతంలో ఎటు చదివినా గురువే. జనం నోట నానింది ఫణిః. ఆ విసర్గలో పాము బుస వినబడుతుంది, కవి కావాలనే వేశాడని నా నమ్మకం.

పాతప్రతి: బుస కోసం పాణినిని వదులుకోలేం.

లలిత: నా పేచీ ‘శిశుః’తో. పసివాడికి మాట కూడా పాటలాగే అందుతుంది. గర్భంలోకి హల్లుల పదును చేరదు, గొంతు ఎత్తుపల్లాలూ లయా చేరతాయి. 1998లో తియరీ నజ్జీ బృందం హల్లులు తెలియకుండా వడకట్టిన వాక్యాలు వినిపిస్తే, ఫ్రెంచి పసికందులు ఇంగ్లీషునీ జపనీసునీ వేరుగా పట్టారు. లయ దగ్గరగా ఉండే ఇంగ్లీషు, డచ్చి వాళ్లకు ఒకటే అయ్యాయి. గానరసమంటే అదే కదా!

గోదారిగట్టు: నేను చదివింది 2003 నాటి మార్సెలా పెన్యా ప్రయోగం, ఇటలీలో. మాట తిన్నగా వినిపిస్తే మెదడు ఎడమభాగం ఎక్కువ స్పందించింది. అదే రికార్డింగు వెనక్కి తిప్పి వినిపిస్తే అంత లేదు. పుట్టి వారమైనా కాని పిల్లలు!

సీమపలుకు: 2008లో జుడిట్ గెర్వైన్ వాళ్లది ఇంకా బాగుంటుంది. చివరి అక్షరం మళ్లీ పలికే ‘ముబాబా’ లాంటి మాటలకు, ‘ముబాగే’ లాంటివాటికన్నా పసిమెదడు ఎక్కువ కదిలింది. మన లాల, జోజో, తాత అందుకే పుట్టాయంటాను.

పాతప్రతి: పోతన ఏడో స్కంధం చూడండి. నారదుడు చెప్పింది తల్లి మరిచింది, కడుపులో విన్న ప్రహ్లాదుడు మరవలేదు. ఎంత గొప్ప ఘట్టమో! అభిమన్యుణ్ణి మాత్రం తేవద్దు. వ్యాసుడి ద్రోణపర్వంలో తండ్రి ఉపదేశించాడనే అంటాడు, గర్భం ఊసు లేదు.

లలిత: ప్రహ్లాదుడు విన్నది తత్త్వం, అర్థంతో సహా. ఈ శ్లోకంలో శిశువుకు దక్కింది రసం. రెండూ కలపకండి.

గోదారిగట్టు: మరి ‘వేత్తి’ అంటే వినడమేనా? 2009లో కాత్లీన్ వెర్మ్కే బృందం చూసింది: ఫ్రెంచి పసికందుల ఏడుపు బాణీ కిందినుంచి పైకి లేస్తుంది, జర్మన్ పిల్లలది పైనుంచి కిందికి దిగుతుంది. కడుపులో విన్న బాణీనే ఏడ్చి చూపుతున్నారన్నమాట. అది ఎరుకే.

లలిత: అయితే ఇది చెప్పండి. శ్లోకం రెండో సగం ‘కో వేత్తి కవితాతత్త్వం శివో జానాతి వా న వా’, కవిత్వతత్త్వం ఎవరికి తెలుసు, శివుడికైనా తెలుసో లేదో అని. శిశువుకీ పశువుకీ పాముకీ, ‘కో వేత్తి’ అన్నచోటా ‘వేత్తి’ వాడిన కవి, శివుడి దగ్గరికొచ్చేసరికి ‘జానాతి’ ఎందుకన్నాడు? పాతప్రతిగారూ, ఇది మీరే తేల్చాలి.