పారిస్ చిన్న హాళ్లలో పాట మాటలు స్పష్టంగా వినబడేది ఎక్కడ?

ఫ్రెంచ్‌లో పాడే కొత్త ఇండీ బ్యాండ్లను వారం మధ్యలో వినాలి. బాస్టిల్ కూడలి దగ్గర సూపర్‌సోనిక్, సెయింట్ మార్టిన్ కాలువ ఒడ్డున ప్వాంట్ ఎఫెమేర్, 20వ వార్డులో మారొకినరీ అనుకుంటున్నాను. వీటిలో గొంతు బాగా తెలిసేది ఏది? స్టేజీకి ఆనుకుని నిలబడితే డ్రమ్స్, గిటార్ ఆంప్ మోత నేరుగా మీద పడి, స్పీకర్లలోంచి వచ్చే మాటలు మునిగిపోతాయి. సౌండ్ మిక్సర్ బల్ల ముందు చోటు మేలు, అక్కడికి ఎన్నింటికి చేరాలి?

15 నిమిషాల సగటున 102 డెసిబెల్స్ వరకూ ఫ్రాన్స్ చట్టం ఒప్పుకుంటుంది, చెవిబిరడాలు ఉచితంగా ఇవ్వాలి కూడా. కానీ స్పాంజివి పెడితే స, శ, త లాంటి పదునైన శబ్దాలే ముందు పోతాయి. ఫిల్టర్ ఉన్నవి వాడేవాళ్లు ఏ రకమో చెప్పండి.

టికెట్ మీద టైము తలుపులు తీసేదా, మొదటి బ్యాండ్ ఎక్కేదా? మెట్రో 1:15 ప్రాంతంలో ఆగిపోతుంది మరి.