నెలలో 6 కిలోలు, తగ్గితే నాకు నేనే గిఫ్ట్: కుదురుతుందా?

ప్రశ్న: నెలలో 6 కిలోలు తగ్గాలని గట్టిగా అనుకున్నాను. తగ్గితే ఎప్పట్నుంచో మనసుపడ్డ రన్నింగ్ షూస్ కొనుక్కుంటా, లేదంటే లేదు. మరీ ఎక్కువంటారా?

జవాబు: ఎక్కువేనండీ. వారానికి అరకిలో నుంచి కిలో వరకైతే మంచిది. కిలో కొవ్వంటే సుమారు 7,700 క్యాలరీలు, అంటే 6 కిలోలకి రోజూ 1,500 పైనే లోటు పెట్టాలి, అంత కోత పెడితే కండ కూడా కరుగుతుంది, పిత్తాశయంలో రాళ్లు వచ్చే ప్రమాదమూ పెరుగుతుంది. 3 కిలోలు పెట్టుకోండి.

జవాబు: మొదటి వారం బరువు గబగబా తగ్గితే పొంగిపోకండి, అందులో చాలావరకు నీరే. తర్వాత నెమ్మదిస్తుంది, చాలామంది వదిలేసేది అక్కడే. పొద్దున్నే ఏమీ తినకముందు బరువు చూసుకుని వారం సగటు రాసుకోండి.

జవాబు: షూస్ ఇప్పుడే కొనేయండి, నడవడానికి అవే కదా కావాలి! గిఫ్ట్‌ని కిలోలకి కాదు, మీ చేతిలో ఉన్నదానికి ముడిపెట్టండి, అనుకున్న రోజులన్నీ నడిచానా లేదా అని. ఉప్పు ఎక్కువైనా, నెలసరి టైమ్‌లోనూ బరువు పెరిగినట్టు కనిపిస్తుంది, దానికోసం గిఫ్ట్ పోగొట్టుకోవడం అన్యాయం.

అడిగినవారు: థాంక్స్ అండీ, 3 కిలోలకి మార్చేశాను. మా అక్క కూడా చేస్తానంటోంది, షుగర్‌కి మందులు వాడుతుంది, పర్వాలేదా?

జవాబు: ముందు డాక్టర్‌ని అడగమనండి. కొన్ని మందులు వాడుతూ డోసు మార్చకుండా తిండి తగ్గిస్తే షుగర్ బాగా పడిపోవచ్చు.