పులస సీజన్‌లో గోదావరిలోనూ వేట ఆపాలా?

గౌతమి గట్టు:
సముద్రంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. 2015కు ముందు 47 రోజులే ఉండేది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆపుతున్నారు, బాగానే ఉంది. మన పులస లెక్క మాత్రం వేరు. సముద్రంలో ఇలసగా తిరిగే చేప, గోదావరికి ఎర్రనీరు (వరద నీరు) వచ్చాక జూలై, ఆగస్టుల్లో అంతర్వేది, యానాం వైపు నుంచి ఏరెక్కుతుంది. అది గుడ్లతో వచ్చేదీ అప్పుడే, మనం పట్టేదీ అప్పుడే. నిషేధం ముగిశాక అసలు చేప మొదలవుతుందన్నమాట. ధవళేశ్వరం దిగువ నుంచి మొగల (ఏరు సముద్రంలో కలిసే చోట్ల) దాకా సీజన్‌లో ఓ పదిహేను రోజులైనా వలలన్నీ ఎత్తెయ్యాలని నా వాదన. ఏమంటారు? (పుస్తెల సామెత గుర్తొచ్చినవాళ్ళు దయచేసి మనసులోనే అనుకోండి.)

రాజోలు కుర్రాడు:
శ్రావణమాసంలో పెట్టించండి సార్. మా ఇంట్లో ఎలాగూ నీసు ముట్టరు.

భైరవపాలెం బోటు:
నిషేధం మాకు కొత్త కాదండి. రెండు నెలలు ఒడ్డున కూర్చుంటున్నాం. 2019లో నిషేధ కాలపు భృతి రూ.10,000 చేశారు, 2025లో రూ.20,000 చేశారు. అది సముద్రం మీదకెళ్ళే బోట్లవాళ్ళకి. ఏట్లో చిన్న నావ మీద ఇద్దరు మనుషులు వలేసుకుంటారు చూడండి, వాళ్ళకెవరిస్తారు? ఏడాది మొత్తం మీద నాలుగు డబ్బులు కళ్ళజూసేది ఈ సీజన్‌లోనే. వలకీ నావకీ సావుకారి దగ్గర తెచ్చిన అప్పు ఈ చేప మీదే తీరాలి.
ఇంకో మాట. జూన్ 14 రాత్రి దాటడమే ఆలస్యం, పెద్ద బోట్లు సముద్రం మీద పడతాయి. మొగ ముందర చేరిన ఇలసని అక్కడే ఊడ్చేస్తాయి. ఏరెక్కేది వాళ్ళు వదిలిందే. మరబోట్లు తీరానికి 8 కిలోమీటర్ల లోపు వేటాడకూడదని రూలుంది. దాన్ని ముందు అమలు చేసి చూపించండి, తరవాత మా దగ్గరకి రండి.

మీనం మేషం (ఫిషరీస్ చదివినవాణ్ణి, పేరు చూసి నవ్వొద్దు):
ఇదే చేప మీద బంగ్లాదేశ్ ఏం చేసిందో చూడాలి. అక్టోబరులో పౌర్ణమిని చూసుకుని 22 రోజులు పట్టడం, అమ్మడం, రవాణా, నిల్వ అన్నీ బంద్. అంతకన్నా ముఖ్యం, 25 సెంటీమీటర్లలోపు పిల్లల్ని నవంబరు నుంచి జూన్ దాకా ముట్టుకోకూడదు. 2002-03లో దాదాపు 2 లక్షల టన్నులున్న దిగుబడి 2017-18కి 5 లక్షలు దాటింది. నా మటుకు పెద్ద చేపని పదిహేను రోజులు వదలడం కన్నా, వరద తీశాక కిందికి దిగే పిల్లల్ని సన్నకన్ను వలల నుంచి కాపాడితే ఎక్కువ ఫలితం. పైగా అప్పుడు ఎవరికీ పెద్ద నష్టం ఉండదు, ఆ పిల్లలకి రేటెంత?

భైరవపాలెం బోటు:
అక్కడ ఆగినవాళ్ళకి ఏమిచ్చారండి?

మీనం మేషం:
పిల్లల్ని పట్టని కాలానికి కుటుంబానికి నెలకి 40 కిలోల బియ్యం. అందరికీ అందడం లేదని, బియ్యంతో వడ్డీలు కట్టలేమని అక్కడా గొడవే. మీ ప్రశ్న న్యాయమైందే.

పోర్ట్‌లాండ్ నుంచి:
నేనుండేది కొలంబియా నది పక్కన. ఇక్కడ బోన్నెవిల్ డ్యామ్‌కి చేపల కోసం మెట్లు కట్టారు. సాల్మన్ ఎక్కుతుంటే అద్దంలోంచి చూడొచ్చు. ఒక్కొక్కటే లెక్కపెట్టి ఏరోజుకారోజు ఎన్ని ఎక్కాయో ప్రకటిస్తారు. చేప తక్కువైతే వేట మూసేస్తారు, మొహమాటం లేదు. కాలిఫోర్నియాలో 2023, 2024, 2025 మూడేళ్ళూ సముద్రంలో సాల్మన్ వాణిజ్య వేట లేదు. క్లామత్ నది మీద నాలుగు డ్యాములు తీసెయ్యడం 2024లో పూర్తయింది, కొద్ది వారాల్లోనే చినూక్ సాల్మన్ పాత డ్యాముల పైకి చేరింది. మీరు వలల దగ్గరే కొట్టుకుంటున్నారు. అసలు అడ్డు ధవళేశ్వరం బ్యారేజీ కాదా?

గౌతమి గట్టు:
ఆ బ్యారేజీ కింద పది లక్షల ఎకరాలున్నాయండి. కూల్చమని కోనసీమలో అని చూడండి, ముందు మిమ్మల్ని పులుసు పెడతారు. కాటన్ దొర ఆనకట్ట 1852కే పూర్తయింది. పులస తగ్గింది మా కళ్ళ ముందు. నూట డెబ్భై ఏళ్ళ నాటి అడ్డు ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చిందో చెప్పండి.

మీనం మేషం:
ఆనకట్టని అంత తేలిగ్గా వదిలెయ్యకండి. పైకి ఎక్కలేని చేపంతా దాని కిందే పోగవుతుంది, అక్కడ నైలాన్ వల వేస్తే ఎంత పడుతుందో ఆలోచించండి. రెండూ కలిసి చేసిన నష్టం. ఇంకో తేడా ఉంది. పసిఫిక్ సాల్మన్ గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. పులస అలా కాదు, సముద్రానికి తిరిగిపోయి మళ్ళీ వస్తుంది. ఎక్కేటప్పుడే కాదు, దిగేటప్పుడూ వల తప్పించుకోవాలి. మీ పదిహేను రోజులు దేనికి?

గౌతమి గట్టు:
ఎక్కేదానికి. పౌర్ణమి, అమావాస్య పోట్లు చూసుకుని ఆగస్టు మొదట్లో పెడదాం.

భైరవపాలెం బోటు:
చేప క్యాలెండరు చూసి రాదండి. ఎర్రనీరు ఒక ఏడు జూలై మొదట్లోనే వస్తుంది, ఒక ఏడు ఆగస్టు దాకా రాదు. మీరు తారీకు పెడితే చేప రాని రోజుల్లో మేము పస్తు, వచ్చిన రోజుల్లో వేట. ఎవరికి లాభం?

గౌతమి గట్టు:
అయితే తారీకు వద్దు, నీటిని బట్టి పెడదాం. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అప్పుడు ఏట్లోకి వెళ్ళొద్దని ఎలాగూ చెబుతారు. హెచ్చరిక ఎత్తేశాక ఇంకో వారం పొడిగించి, ఆ వారానికి నావల వాళ్ళకి కూడా భృతి ఇస్తే?

రాజోలు కుర్రాడు:
హెచ్చరిక రాని ఏడు ఏం చేస్తారు? పండగ చేసుకోవడమేనా?

పోర్ట్‌లాండ్ నుంచి:
అందుకే ముందు లెక్క కావాలంటున్నాను. ఎన్ని ఎక్కుతున్నాయో తెలియకుండా వారమా, పదిహేను రోజులా అని ఎలా తేలుస్తారు?

గౌతమి గట్టు:
మా దగ్గర లెక్కంటే రేవులో వేలంపాటే. దానికి తోడు ఒడిశా, బెంగాల్ నుంచి ఐసులో దిగిన ఇలసనీ పులసనే అమ్ముతారు. బజారులో బుట్టలు నిండుగా కనపడుతుంటే చేప తగ్గిందంటే నమ్మేదెవరు? రేవుకో పుస్తకం పెట్టి, ఏ నావకి ఎన్ని పడ్డాయి, ఎంత బరువు అని రాయిస్తే రెండు మూడేళ్ళలో ఏదో ఒకటి తేలుతుంది.

భైరవపాలెం బోటు:
రాయడానికి మాకు చెయ్యి నొప్పేం లేదండి. అప్పిచ్చిన సావుకారికే చేప వెయ్యాలి, ఆయన చెప్పిందే రేటు. ఒకటో రెండో ఆయనకి తెలీకుండా బయట అమ్ముకుంటేనే మాకు మిగిలేది. పుస్తకంలో మూడని రాసి, ఆయనకి రెండే చూపిస్తే తెల్లారి మా వల మా దగ్గర ఉండదు. పుస్తకం ఎవరి చేతిలో ఉంటుందో చెప్పండి, అప్పుడు రాస్తాం.

మీనం మేషం:
నావ పేరు లేకుండా, రేవు మొత్తానికి ఒకే అంకె రాస్తే చాలు. చేప లెక్కకి నావ పేరుతో పని లేదు.

భైరవపాలెం బోటు:
అలాగైతే అభ్యంతరం లేదండి. రేవులో మావాళ్ళని అడుగుతాను. నిషేధం సంగతి మాత్రం ఈ ఏటికి ఎత్తకండి.

గౌతమి గట్టు:
ఎత్తుతాను. లెక్క రాస్తున్నన్నాళ్ళూ చేప ఆగుతుందా?